అరణ్యసీమలో అక్షరదీపం: మదర్ బెనెడిక్టా రీప్

జర్మనీ దేశపు దక్షిణభాగాన ఉన్న బవేరియా, 19వ శతాబ్ది ప్రథమార్ధంలో ఒక స్వతంత్ర రాజ్యం. ఆ రాజ్యంలో వాల్ అనే చిన్న ఊరు ఉంది. యేసుక్రీస్తు శ్రమలను నాటకంగా ప్రదర్శించే ఆచారం వల్ల ఆ ఊరికి చుట్టుపక్కల సీమల్లో కొంత పేరు ఉండేది. అక్కడ 1825 జూన్ 28న, గాజుపని చేసి జీవించే ఒక సామాన్య కుటుంబంలో సిబిల్లా రీప్ జన్మించారు. ముగ్గురు ఆడపిల్లల్లో ఆమె పెద్దది. అమెరికా ఖండంలో మొట్టమొదటి బెనెడిక్టైన్ కన్యస్త్రీల మఠాన్ని స్థాపించి, ఆ మఠానికి అనుబంధంగా బాలికల విద్యకు పునాది వేసిన మదర్ బెనెడిక్టా రీప్ ఈమెయే. ఆమె జీవించినది 36 సంవత్సరాలు మాత్రమే. అందులో అమెరికాలో గడిపినది పది సంవత్సరాలైనా నిండలేదు.

ఆమె జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఐఖ్‌ష్టెట్ పట్టణంలోని పునీత వాల్‌బుర్గా మఠం సంగతి తెలుసుకోవాలి. 8వ శతాబ్దంలో ఇంగ్లండు నుండి సముద్రం దాటి జర్మన్ సీమకు వచ్చి, అక్కడి ప్రజల మధ్య మఠజీవితం గడిపిన సాధ్వి వాల్‌బుర్గా. ఆమె అస్థికలు ఉన్న స్థలంలో 1035లో ఈ మఠం వెలసింది. పునీత బెనెడిక్టు 6వ శతాబ్దంలో 73 అధ్యాయాలుగా రచించిన నియమావళిని అనుసరించి అక్కడి కన్యస్త్రీలు ప్రార్థన, పఠనం, కాయకష్టం అనే మూడింటిని దినచర్యగా చేసుకున్నారు. దాదాపు ఎనిమిది శతాబ్దాల పాటు ఈ జీవితం అవిచ్ఛిన్నంగా సాగింది.

నెపోలియన్ యుద్ధాల కాలంలో బవేరియా ప్రభుత్వం మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకొంది. 1806లో వాల్‌బుర్గా మఠం కూడా రద్దయింది. ఉన్న కన్యస్త్రీలు అక్కడే ఉండవచ్చును గాని కొత్తవారిని చేర్చుకోరాదు. ఇది మఠాన్ని నెమ్మదిగా చావనివ్వడమే. అయితే తర్వాత సింహాసనమెక్కిన మొదటి లుడ్విగ్ రాజు మఠాల పట్ల ఆదరం కలవాడు. ఆయన 1835లో ఈ మఠానికి తిరిగి ప్రాణం పోశాడు. కాని ఒక షరతు పెట్టాడు. పట్టణంలోని బాలికలకు కన్యస్త్రీలు బడి నడపాలి. ప్రజలకు ప్రత్యక్షంగా ఉపయోగపడని సంస్థకు రాజ్యంలో చోటు లేదని భావించే రోజులవి. ఆ విధంగా, తెరల చాటున నిశ్శబ్దంగా జీవించే సన్యాసినులు పలకాబలపం పట్టిన పంతులమ్మలయ్యారు. ప్రార్థనకూ పాఠాలకూ మధ్య, మఠం గోడకూ బడి వాకిలికీ మధ్య పొత్తు కుదర్చవలసిన సమస్య ఆనాడే పుట్టింది. మదర్ బెనెడిక్టా జీవితమంతా ఆ సమస్యతోనే ముడిపడి ఉంది.

సిబిల్లా 1844లో, 19వ ఏట ఆ మఠంలో చేరారు. బెనెడిక్టా అన్న మఠనామం స్వీకరించారు. 1849లో శాశ్వత వ్రతాలు చేపట్టారు. బాలికల బడిలో ఉపాధ్యాయినిగానే గాక, మఠంలో కొత్తగా చేరిన కన్యలకు శిక్షణ ఇచ్చే అధ్యక్షురాలిగా కూడా పనిచేశారు. అంత చిన్న వయస్సులో ఆ బాధ్యత అప్పగించారంటే పెద్దలకు ఆమెపై ఎంత నమ్మకమో ఊహించవచ్చు. ఆ రోజుల్లో శాశ్వత వ్రతం పట్టిన కన్యస్త్రీ మఠం ప్రాకారం దాటి బయటికి అడుగు పెట్టడం అరుదు. పుట్టింటివారిని చూడాలన్నా కటకటాల వెనుక నుండే. ఐఖ్‌ష్టెట్‌లోనే పుట్టి పెరిగిన దేవదారు వృక్షంలా ఆమె జీవితం అక్కడే ముగిసి ఉండవలసినది. కాని విధి మరొక విధంగా నిర్ణయించింది.

1846లో బవేరియాలోని మెట్టెన్ మఠానికి చెందిన బోనిఫేస్ విమ్మర్ అనే సన్యాసి కొద్దిమంది అనుచరులతో అమెరికా వెళ్ళి, పెన్సిల్వేనియా రాష్ట్రంలో లట్రోబ్ సమీపాన సెయింట్ విన్సెంట్ మఠాన్ని స్థాపించారు. అమెరికాలో పురుషుల బెనెడిక్టైన్ మఠాల్లో అది మొదటిది. విమ్మర్ అసాధారణ కార్యశూరుడు. వేలాదిగా వలస వస్తున్న జర్మన్ కాథలిక్కులకు గురువులను, బడులను సమకూర్చడం ఆయన సంకల్పం. అదే రాష్ట్రంలో ఎల్క్ కౌంటీ అడవుల మధ్య, బాల్టిమోర్, ఫిలడెల్ఫియా నగరాల నుండి వచ్చిన జర్మన్ కుటుంబాలు 1842లో సెయింట్ మేరీస్ అనే వలసను నెలకొల్పుకొని ఉన్నాయి. ఆ ఊరి బాలికలకు చదువు చెప్పేవారు లేరు. 1852 మే నెలలో బాల్టిమోర్‌లో సమావేశమైన అమెరికా బిషప్పులు కూడా ప్రతి విచారణకూ ఒక బడి ఉండాలని బోధించారు. విమ్మర్ ఐఖ్‌ష్టెట్ మఠానికి అభ్యర్థన పంపారు. ముగ్గురిని పంపడానికి మఠాధ్యక్షురాలు మదర్ ఎడుఆర్డా ష్నిట్సర్ అంగీకరించారు.

బెనెడిక్టా తానుగా ముందుకు వచ్చారు. ఆమెకు తోడుగా సిస్టర్ వాల్‌బుర్గా డీట్రిఖ్, సిస్టర్ మౌరా ఫ్లీగర్ బయలుదేరారు. నాయకురాలికి అప్పటికి 27వ ఏడు. 1852 జూన్‌లో ఐఖ్‌ష్టెట్ వదిలి, ఓడ ఎక్కి, జూలై తొలిరోజుల్లో న్యూయార్క్ రేవులో దిగారు. ఇంగ్లీషు రాదు. మఠం గోడల వెలుపలి ప్రపంచంతో పరిచయం లేదు. అక్కడి నుండి లట్రోబ్‌కు, లట్రోబ్ నుండి అడవిదారుల్లో సెయింట్ మేరీస్‌కు ప్రయాణం చేసి 1852 జూలై 22న గమ్యం చేరారు. వెయ్యేళ్ళకు పూర్వం వాల్‌బుర్గా సముద్రం దాటి జర్మనీకి వచ్చింది. ఇప్పుడు ఆమె పేరిట వెలసిన మఠం నుండి మరో ముగ్గురు సముద్రం దాటి వెళ్ళారు.

సెయింట్ మేరీస్‌లో వారికి లభించిన నివాసం సామాన్యమైన కొయ్య ఇల్లు. శతాబ్దాల నాటి రాతి ప్రాకారాల మధ్య పెరిగినవారికి చలికాలంలో ఆ ఇల్లు ఎంత కఠినంగా తోచిందో చెప్పనక్కరలేదు. చుట్టూ కొట్టివేసిన చెట్ల మోళ్ళు, అరకొరగా పండే పొలాలు, పేదరికం. ఊరివారి దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. ఉన్నదల్లా పిల్లలు. వారికి చదువు నేర్పడమే కన్యస్త్రీలు వచ్చిన పని. కాబట్టి ఆలస్యం చేయక బడి మొదలుపెట్టారు.

ఆ బడిలో బోధన జర్మన్ భాషలో సాగింది. ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో, గుడిలో మాట్లాడేది జర్మన్. అంగడిలో, కచేరీలో చెల్లేది ఇంగ్లీషు. పిల్లవాడు తల్లి భాషలో ప్రార్థన నేర్వకపోతే తల్లికీ బిడ్డకూ మధ్య అడ్డుగోడ లేస్తుందని ఆ వలస కుటుంబాల భయం. ఇంగ్లీషు రాకపోతే కొత్త దేశంలో బ్రతుకుతెరువు ఉండదన్నది రెండవ భయం. చెన్నైలోనో, బెంగుళూరులోనో, షోలాపూరులోనో, బరంపురంలోనో తరతరాలుగా స్థిరపడి, పిల్లలను తెలుగు బడికి పంపాలా వద్దా అని తర్జనభర్జన పడిన కుటుంబాలకు ఈ స్థితిని విడమరచి చెప్పవలసిన పని లేదు. కన్యస్త్రీలు బడిలో జర్మన్ నేర్పుతూ తాము ఇంగ్లీషు నేర్చుకోవలసి వచ్చింది. అమెరికాలోని జర్మన్ బడులు మొదటి ప్రపంచ యుద్ధకాలం దాకా ఏదో విధంగా నిలిచాయి. 1917లో ఆ దేశం జర్మనీపై యుద్ధానికి దిగిన పిమ్మట ఆ భాషలో బోధన త్వరితంగా క్షీణించింది.

బడి నడిచేకొద్దీ మఠం పెరిగింది. వలసదారుల ఇళ్ళ నుండి యువతులు వచ్చి చేరసాగారు. మూడు నాలుగేళ్ళలో ముగ్గురున్న ఇంట పదుల సంఖ్యలో కన్యలు ఉన్నారు. వారిలో చాలామంది స్వయంగా చదువు అంతంతమాత్రం వచ్చినవారు. పగలు పిల్లలకు పాఠం, సాయంకాలం తమకు పాఠం, మధ్యమధ్య వంట, తోటపని, బట్టలుతకడం, వీటన్నిటితోపాటు లాటిన్ ప్రార్థనలు. ఐఖ్‌ష్టెట్‌లో అర్ధరాత్రి లేచి జపించే ఆచారం అమెరికా అడవిలో కొనసాగించడం దుర్భరమైంది. రాత్రి నిద్ర చాలని కన్యస్త్రీ మర్నాడు నలభై మంది పిల్లల ముందు నిలబడలేదు కదా! అందువల్ల కొన్ని నియమాలు సడలించవలసి వచ్చింది. ఏది సడలించాలి, ఎంతవరకు, ఎవరి అనుమతితో అన్న ప్రశ్నలు ఇక్కడే తలెత్తాయి.

ఇక్కడ నుండి మదర్ బెనెడిక్టా కథ కష్టాల కథగా మారుతుంది. అందులో ప్రతివాది దుష్టుడు కాదు. అతడూ మహనీయుడే. అందుకే ఆ కథ మరింత క్లిష్టమైనది.

1855లో పోప్ తొమ్మిదవ పియుస్ సెయింట్ విన్సెంట్‌కు పూర్ణస్థాయి మఠ హోదా ఇచ్చారు. విమ్మర్ మఠాధిపతి అయ్యారు. కన్యస్త్రీల మఠాలు కూడా తన ఆధిపత్యంలోనే ఉండాలని ఆయన అభిప్రాయం. కొత్తవారిని ఎవరిని చేర్చుకోవాలో, ఏ మఠానికి ఎవరు అధ్యక్షురాలు కావాలో, ఎక్కడ కొత్త బడి తెరవాలో, వచ్చిన విరాళాన్ని ఎలా ఖర్చు చేయాలో తాను నిర్ణయిస్తానన్నారు. ఆయన వాదన కేవలం అధికారదాహం కాదు. దేశం విశాలమైనది, ఊరూరా గురువులు కావాలని, బడులు కావాలని కోరుతున్నారు, ఒక చేతికింద వ్యవహారం నడిస్తే పని వేగంగా జరుగుతుందని ఆయన ఆలోచన. కట్నకానుకలు తేలేని పేద యువతులను కూడా చేర్చుకోవాలని ఆయన పట్టుబట్టడంలో ధర్మం లేకపోలేదు.

బెనెడిక్టా ఆలోచన వేరు. బెనెడిక్టు నియమావళి ప్రకారం ప్రతి మఠమూ ఒక కుటుంబం. ఆ కుటుంబానికి తల్లి లోపలివారే కావాలి. మఠంలో ఎవరు తగినవారో, ఎవరు కారో నిత్యం వారితో కలిసి జీవించే అధ్యక్షురాలికి తెలిసినంతగా ఎక్కడో ఉన్న మఠాధిపతికి తెలియదు. శిక్షణ ముగియని కన్యలను తొందరపడి బడులకు పంపితే అటు మఠజీవితమూ, ఇటు బోధనా రెండూ చెడతాయి. దీనికి డబ్బు విషయం తోడైంది. బవేరియా నుండి రాజు లుడ్విగ్ కన్యస్త్రీల కొరకు పంపిన ధనాన్ని విమ్మర్ ఇతర అవసరాలకు మళ్ళించారన్నది ఆమె ఫిర్యాదు. పేదరికంలో మగ్గుతున్న మఠానికి అది సామాన్యమైన లోటు కాదు.

ఇరువురి స్వభావాలూ గట్టివే. బెనెడిక్టాకు సైతం తన అధికారాన్ని గూర్చి దృఢమైన అభిప్రాయాలుండేవి. సెయింట్ మేరీస్ నుండి పుట్టిన మఠాలన్నిటికీ తానే ప్రధానాధ్యక్షురాలినని ఆమె భావించారు. దానిని విమ్మర్ గాని, ఆమె సొంత సహోదరీలలో కొందరు గాని ఒప్పుకోలేదు. ఈ వివాదంలో కన్యస్త్రీలే రెండు పక్షాలుగా చీలిపోయారు. ఆమెను ఆరాధించేవారు ఈ మాటను కొంత తగ్గించి చెబుతుంటారు గాని, జరిగినది దాచడం వల్ల ఆమె గొప్పతనం పెరగదు.

ఈ కలతల నడుమనే పని మాత్రం ఆగలేదు. 1856లో ఈరీ పట్టణంలో, 1857లో న్యూజెర్సీ రాష్ట్రపు న్యూఆర్క్‌లో కొత్త మఠాలు, బడులు వెలిశాయి. అదే 1857లో సిస్టర్ విల్లిబాల్డా షెర్బవర్ నాయకత్వంలో చిన్న బృందం ఒకటి మరింత పడమరకు, మిసిసిపీ నదీతీరాన మిన్నెసోటా ప్రాంతంలోని సెయింట్ క్లౌడ్‌కు బయలుదేరి జూలై మొదటి వారంలో అక్కడికి చేరింది. మిన్నెసోటా అప్పటికి రాష్ట్రం కూడా కాలేదు. ఆ ఏళ్ళలో మిడతల దండు పంటలను తిని వేసి రైతులను దివాలా తీయించింది. కన్యస్త్రీలు పిల్లలకు సంగీతం, కుట్టుపని నేర్పి వచ్చిన కొద్దిపాటి సొమ్ముతో పొయ్యి వెలిగించుకొనేవారు.

1857లోనే మదర్ బెనెడిక్టా ఒక సాహసం చేశారు. తమ గోడు రోమ్‌కు స్వయంగా విన్నవించుకోవాలని, ఒక సిస్టర్‌ను తోడు తీసుకొని యూరప్‌కు ప్రయాణమయ్యారు. మాతృమఠం తన పక్షాన నిలుస్తుందని ఆమె ఆశ. మఠాధిపతి అభీష్టానికి విరుద్ధంగా ఒక కన్యస్త్రీ సముద్రం దాటి రోమ్ తలుపు తట్టబూనడం ఆ రోజుల్లో ఎంతటి మాటో నేటి పాఠకులు ఊహించడం కష్టం. కాని ఐఖ్‌ష్టెట్‌లో ఆమెకు లభించిన స్వాగతం చల్లగా ఉంది. ఐదేళ్ళ క్రితం ఆశీర్వదించి సాగనంపిన మఠమే ఇప్పుడు ఆమెను కట్టుదిట్టంలో ఉంచింది. రోమ్ ప్రయాణానికి అనుమతి రాలేదు. లిఖితపూర్వకంగా మాత్రం ఆమె తన వాదనను రోమ్‌లోని మతప్రచార సభకు పంపగలిగారు. అదే సభకు విమ్మర్ తన వాదననూ పంపారు. మాతృమఠం తలుపు మూసుకోవడమే బహుశా ఆమె జీవితంలో అన్నిటికంటే పెద్ద దెబ్బ.

ఆమె అమెరికాలో లేని సమయంలో సెయింట్ మేరీస్‌లో మరొకరు అధ్యక్షురాలిగా నియమితులయ్యారు. 1858లో తిరిగి వచ్చిన బెనెడిక్టాకు, తాను స్వహస్తాలతో నెలకొల్పిన ఆ మఠంలో చోటు లేకపోయింది. విమ్మర్ ఆమెను అక్కడికి రానివ్వలేదు. కొంతకాలం ఈరీలో తలదాచుకున్నారు. పిదప విల్లిబాల్డా ఆహ్వానం అందుకొని సెయింట్ క్లౌడ్ చేరారు. ఒకనాడు తాను శిక్షణ ఇచ్చిన శిష్యురాలి నీడన, ఏ అధికారమూ లేని సామాన్య సహోదరిగా ఆమె చివరి సంవత్సరాలు గడిచాయి. విల్లిబాల్డా ఔదార్యం గురించి చరిత్ర పుస్తకాలు ఎక్కువగా వ్రాయలేదు గాని, వివాదంలో చిక్కుకున్న ఆమెను ఆదరించడానికి అప్పటి పరిస్థితుల్లో ధైర్యం కావాలి.

రోమ్ నిర్ణయం 1859 డిసెంబరులో వెలువడింది. కన్యస్త్రీల మఠాలపై విమ్మర్‌కు అధికారం లేదు. అవి ఆయా ప్రాంతాల బిషప్పుల పరిధిలోకి వస్తాయి. ఇంతవరకు బెనెడిక్టా కోరినదే జరిగింది. కాని ఆ తీర్పులోనే మరో మాట ఉంది. అమెరికాలో చేరినవారు పూర్వపు శాశ్వత మహావ్రతాలు కాక సామాన్య వ్రతాలు మాత్రమే స్వీకరించాలి. బడుల్లో బోధించేవారు ప్రాకారబంధాన్ని పాటించలేరన్నది అందుకు కారణం. మఠాలన్నిటినీ ఒక తల్లి కింద కలపాలన్న ఆమె ఆశ కూడా దీనితో అడుగంటింది. ప్రతి మఠమూ ఒంటరిగా ఒక్కొక్క బిషప్ కింద నిలిచింది. ఐఖ్‌ష్టెట్‌తో బంధం సన్నగిల్లింది. సగం గెలుపు, సగం ఓటమి. ఆ తీర్పు ప్రభావం ఆమెకు తెలిసినంత వివరంగా మరెవ్వరికీ తెలిసి ఉండదు. వెనుకటి ఐఖ్‌ష్టెట్ జీవితమూ, ముందటి అమెరికా జీవితమూ రెండూ చూసినది ఆమె.

ఆ తీర్పు అన్యాయమా? ఒక విధంగా చూస్తే అన్యాయమే. అయితే దానివల్లనే కన్యస్త్రీలకు రాకపోకల స్వేచ్ఛ లభించి, ఊరూరా బడులు నడపడం సాధ్యమైంది. 1835లో లుడ్విగ్ రాజు పెట్టిన షరతు నాడు మొదలైన చిక్కుముడి, అట్లాంటిక్ సముద్రానికి ఆవలి ఒడ్డున ఈ విధంగా విడింది. మఠం బడికి దారి ఇచ్చింది. అందుకు మఠం చెల్లించిన మూల్యం గూడా ఉంది.

అప్పటికే ఆమెను క్షయవ్యాధి పట్టుకొంది. చల్లని గదులు, చాలీచాలని తిండి, ప్రయాణాలు, మనోవేదన. ఆనాటికి క్షయకు మందు లేదు. దేశం అంతర్యుద్ధంలో మునిగిపోయి ఉన్న 1862లో, మార్చి 15న సెయింట్ క్లౌడ్‌లో మదర్ బెనెడిక్టా కన్నుమూశారు. మరుసటి ఏడాది, 1863లో, అక్కడి కన్యస్త్రీలు సమీపంలోని సెయింట్ జోసెఫ్ గ్రామానికి మఠాన్ని మార్చుకొన్నారు. 1884లో ఆమె అస్థికలను కూడా ఆ గ్రామానికి తరలించి మఠపు శ్మశానవాటికలో తిరిగి ఖననం చేశారు.

ఆమె మరణించే నాటికి సెయింట్ మేరీస్, ఈరీ, న్యూఆర్క్, సెయింట్ క్లౌడ్‌లతోపాటు కెంటకీ రాష్ట్రపు కోవింగ్టన్‌లో 1859లో, చికాగోలో 1861లో మఠాలు వెలసి ఉన్నాయి. సెయింట్ క్లౌడ్ నుండి బయలుదేరినవారు 1863లో కాన్సాస్‌లోని ఆట్చిసన్ చేరారు. ఒక కొమ్మ నుండి మరొక కొమ్మ మొలిచినట్లు ఈ వ్యాప్తి సాగింది. సెయింట్ జోసెఫ్‌లోని మఠం 20వ శతాబ్ది మధ్యకాలానికి వెయ్యిమందికి పైగా కన్యస్త్రీలతో ప్రపంచంలోనే అతిపెద్ద బెనెడిక్టైన్ స్త్రీల మఠమైంది. ఆ మఠం 1913లో సెయింట్ బెనెడిక్ట్ కళాశాలను తెరచింది. కోవింగ్టన్ శాఖవారు 1904లో విల్లా మడోన్నా అకాడమీని స్థాపించారు. మఠాలన్నీ తమ పాలన తాము చూసుకొంటూ ఒక సంఘంగా కలవాలన్న ఆమె కోరిక సైతం ఆమె మరణించిన 60 ఏళ్ళకు, 1922లో, పునీత స్కొలాస్టికా పేరిట ఏర్పడిన సమాఖ్యకు రోమ్ ఆమోదం తెలపడంతో కొంతవరకు నెరవేరింది.

ఈ వ్యాప్తిలో వెలుగే కాదు, నీడ కూడా ఉంది. 1878లో సెయింట్ జోసెఫ్ నుండి ఇద్దరు కన్యస్త్రీలు ఉత్తర మిన్నెసోటాలోని వైట్ ఎర్త్ ప్రాంతానికి వెళ్ళి, ఓజిబ్వే అనే ఆదిమజాతి పిల్లల మధ్య పని ప్రారంభించారు. పిమ్మట అక్కడ, మరికొన్ని చోట్ల వసతి పాఠశాలలు నడిపారు. అమెరికా ప్రభుత్వపు నాటి విధానం ప్రకారం, ఆదిమజాతి పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా ఉంచి, వారి భాషను, ఆచారాలను మాన్పించడమే అటువంటి పాఠశాలల ఉద్దేశం. సెయింట్ మేరీస్ అడవిలో తమ పిల్లలు తల్లి భాష మరచిపోరాదని ఆరాటపడినవారి వారసులే, మరొక జాతి పిల్లల నోట తల్లి భాష మాన్పించే పనిలో భాగస్వాములయ్యారు. మదర్ బెనెడిక్టా అప్పటికి మరణించి పదహారేళ్ళు. దానికి ఆమె బాధ్యురాలు కారు. అయినా ఆమె మఠపరంపరలో జరిగినది కాబట్టి దీనిని విడిచిపెట్టడానికి వీలులేదు. సెయింట్ జోసెఫ్ మఠం 2021లో వైట్ ఎర్త్ ప్రజలకు ఈ విషయమై క్షమాపణ తెలిపింది.

గడచిన అర్ధశతాబ్దంలో అమెరికాలో కన్యస్త్రీల సంఖ్య బాగా తగ్గింది. బడులు ఒకటొకటిగా మూతపడ్డాయి, లేదా ఇతరుల చేతికి వెళ్ళాయి. ఈరీలోని సెయింట్ బెనెడిక్ట్ అకాడమీ 1988లో, చికాగోలోని సెయింట్ స్కొలాస్టికా అకాడమీ 2012లో ముగిశాయి. న్యూఆర్క్ శాఖ నుండి 1868లో ఎలిజబెత్ పట్టణానికి వెళ్ళినవారి వారసులు నడిపిన బాలికల పాఠశాల 2020లో ఆగిపోయింది.

అన్నిటికీ మొదటిదైన సెయింట్ మేరీస్ మఠం 2014 వరకు నిలిచింది. ముగ్గురు బవేరియా కన్యలు కొయ్య ఇంటిలో దీపం పెట్టిన 162 ఏళ్ళకు, చివరిగా మిగిలిన వయోవృద్ధ కన్యస్త్రీలు ఆ ఊరు విడిచి వెళ్ళారు. మదర్ బెనెడిక్టా సమాధి నేటికీ సెయింట్ జోసెఫ్‌లో, ఆమె తర్వాత ఆ మఠంలో జీవించి మరణించిన వందలాది సహోదరీల సమాధుల మధ్య ఉంది.